పాత పాక్‌మ్యాన్ మిషను కొంటున్నారా? ముందు ప్లగ్గు పెట్టకండి

ప్రశ్న: 1980 నాటి మిడ్‌వే కంపెనీ పాక్‌మ్యాన్ నిలువు కేబినెట్ (నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె) ఒకటి అమ్మకానికి వచ్చింది. పైన పేరున్న పలక వెనక ట్యూబులైటు వెలుగుతోంది, లోపల గుయ్యిమని మోత వస్తోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. "ఫ్యూజు పోయి ఉంటుంది, అంతే" అంటున్నారు అమ్మేవారు. పక్కచెక్కలు కింద ఉబ్బి ఉన్నాయి. వాటి మీది బొమ్మలు కనపడకుండా ఎవరో నల్లరంగు పూసేశారు. నాకు సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. కొనవచ్చా? కొంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: కొనవచ్చు. కానీ "ఫ్యూజే" అన్న మాటను నమ్మి ధర కట్టకండి. ఫ్యూజు ఊరికే పోవడం తక్కువ, దాని అవతల ఎక్కడో షార్టయి పోవడమే ఎక్కువ. నిజంగా ఫ్యూజుతో తీరే పనైతే అమ్మేవారే మార్చి, ఆట నడిపి చూపించి, ఇంకా ఎక్కువ అడిగేవారు. బోర్డు, మానిటరు రెండూ పోయాయనే లెక్కతో బేరమాడండి. ఇక దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూపించవద్దని వారికి గట్టిగా చెప్పండి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మిషనుకు నేరుగా కరెంటిస్తే బాగున్న భాగాలు కూడా పోతాయి.

చూడడానికి వెళ్లేటప్పుడు టార్చి, స్క్రూడ్రైవరు తీసుకెళ్లండి. వెనక తలుపు తీయించి మొట్టమొదట అసలు బోర్డు ఉందో లేదో చూడండి. ఆ రోజుల్లో పాక్‌మ్యాన్ మీద రాబడి తగ్గగానే అదే పెట్టెలో వేరే ఆట బోర్డు బిగించేసిన వ్యాపారులు చాలామంది. అసలు బోర్డుకు ఒక అంచున 44 కాంటాక్టుల కనెక్టరు (వైపుకు 22) ఉంటుంది, దాని మీద జడ్80 ప్రాసెసరు, సాకెట్లలో గుచ్చిన రెండు చిన్న పిల్లబోర్డులు కనిపిస్తాయి. వైర్లు తెంపి 56 కాంటాక్టుల కనెక్టరు తగిలించి ఉంటే అది 1985లో వచ్చిన జామా పద్ధతి (వేర్వేరు ఆటల బోర్డులకు ఒకే రకం కనెక్టరు), అంటే మీరు కొంటున్నది ఖాళీ పెట్టె. ఖాళీ పెట్టెకు విలువ లేదని కాదు, ధర మాత్రం పెట్టె ధరే ఉండాలి.

తర్వాత మానిటరు. 19 అంగుళాల పిక్చర్ ట్యూబును నిలువుగా తిప్పి బిగించి ఉంటారు. కరెంటు లేనప్పుడు టార్చిని ఏటవాలుగా వేసి చూస్తే తెర మీద ఆటలోని చిక్కుదారి గీతలు అచ్చు పడి ఉంటాయి. పాక్‌మ్యాన్ ట్యూబుల్లో ఇది మామూలే, లేతగా ఉంటే పట్టించుకోకండి. ముదురుగా ఉండి ఆట రంగులను కూడా మింగేసేలా ఉంటే మరో ట్యూబు వెతుక్కోవాలి, అవి ఇప్పుడు తయారు కావడం లేదు. ట్యూబు వెనక సన్నటి గాజు మెడ విరిగి ఉంటే, పగులు ఉంటే దాని సంగతి అక్కడితో సరి.

చెక్క విషయంలో ఉబ్బు కంటే దాని ఎత్తు ముఖ్యం. స్క్రూడ్రైవరు మొనతో కింది నుంచి పైకి గుచ్చుతూ పోండి. మొన దిగిపోవడం ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా చెక్క పోయినట్టే. 10, 15 సెంటీమీటర్లలోపు అయితే నిశ్చింతగా కొనండి. నాణేల తలుపు అడుగు వరకు వెళ్లి, అడుగుపలక కీళ్లు కూడా వదిలేసి ఉంటే పక్కచెక్కలు మొత్తం కొత్తగా కోయాల్సి వస్తుంది. సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలా రాలిన పొడి కనిపిస్తే పురుగు ఉందన్నమాట, దాన్ని వదిలించాకే ఇంట్లోకి తేవాలి. నాణేల తలుపు తాళంచెవి లేకపోవడం, బల్బులు పోవడం, బటన్లు విరగడం లాంటివి చూసి బెదరకండి. తాళాన్ని డ్రిల్లుతో తీసేసి కొత్తది వేసుకోవచ్చు.

ఈ పెట్టె బరువు 100 కిలోలు దాటుతుంది. ఇంటి గుమ్మం వెడల్పు ముందే కొలుచుకోండి. ఇద్దరు మనుషులు, ఒక చక్రాల ట్రాలీ, రెండు బెల్టులు కావాలి. వాహనంలో నిలబెట్టే కట్టండి, పడుకోబెడితే పాత చెక్కలో బిగించిన మానిటరు బోల్టులు ఊడి ట్యూబు జారే ప్రమాదం ఉంది.

ఇంటికొచ్చాక కూడా ప్లగ్గు జోలికి పోకండి. ముందు ప్రతి కనెక్టరునూ ఫొటోలు తీసి, కాగితం టేపు మీద పేరు రాసి అంటించండి. లోపల ఎలుకల పెంట ఉంటే చీపురుతోగానీ వాక్యూమ్‌తోగానీ పొడిగా ఎత్తకండి, మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, క్రిమిసంహారక ద్రావణంతో తడిపి తుడిచెయ్యండి. పేరుపలకకు, మానిటరు ముందుండే గాజుకు వెనకవైపు వేసిన రంగును తడిగుడ్డతో ముట్టుకోవద్దు. పెచ్చులు లేచి ఉంటే తుడిచిన చోటల్లా బొమ్మ ఊడొచ్చేస్తుంది.

ఇప్పుడు కరెంటు. అమెరికా మార్కెట్టుకు తయారైన ఈ మిషను 120 వోల్టులది. మీ దగ్గర 220 నుంచి 240 వోల్టుల సరఫరా అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి, 500 వోల్ట్ ఆంపియర్లది ధారాళంగా సరిపోతుంది. ఇది పెట్టాం కదా అని కేబినెట్ అడుగున ఉన్న అసలు ట్రాన్స్‌ఫార్మరును ఎవరైనా తీసేయమంటే వినకండి. బజారులో దొరికే చాలా స్టెప్‌డౌన్లు వోల్టేజీని తగ్గిస్తాయే తప్ప మెయిన్స్ నుంచి వేరు చేయవు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు మాత్రం మానిటరును మెయిన్స్ నుంచి వేరు చేసి నడిపిస్తుంది. అది లేకుండా మానిటరుకు నేరుగా కరెంటిస్తే ఆట బోర్డు కాలుతుంది, ముట్టుకున్న మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. సరఫరా 50 హెర్ట్జ్ అయితే పేరుపలక వెనక ట్యూబులైటు చోకు అతిగా వేడెక్కుతుంది, దాన్ని తీసేసి ఎల్ఈడీ పట్టీ పెట్టండి. మానిటరుకు 50, 60 తేడా అడ్డుకాదు, బొమ్మ వేగాన్ని నిర్ణయించేది బోర్డే.

మెయిన్స్ వైరు ఎండి పగిలి ఉన్నా, ఎర్తు పిన్ను కోసేసి ఉన్నా కొత్త మూడు తీగల వైరు వేయండి. ఎర్తు తీగ నాణేల తలుపుకు, కంట్రోల్ ప్యానెల్ లోహానికి, మానిటరు ఫ్రేముకు మూడింటికీ చేరుతున్నదో లేదో మల్టీమీటరుతో చూడండి. ఫ్యూజులన్నీ బయటికి లాగి ఒక్కొక్కటీ కొలవండి, హోల్డరులో ఉండగా కొలిస్తే మీటరు మోసం చేస్తుంది. ఈ మిషన్లలో ఫ్యూజు కంటే దాన్ని పట్టుకునే క్లిప్పులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. స్ప్రింగు బిగి పోయి, చిలుము పట్టి, వేడికి నల్లబడతాయి. వాటిని గీకి వాడుకునే బదులు ఫ్యూజుల పట్టీ మొత్తం మార్చేయడం మేలు. విలువ మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే వేయండి, నిదానంగా కాలే రకం అని రాసి ఉంటే అదే వేయండి.

ఇంత అయ్యాక బోర్డు కనెక్టరు, మానిటరు ప్లగ్గు రెండూ ఊడదీసి, మెయిన్స్‌కు వరసలో 100 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బు పెట్టి మొదటిసారి కరెంటివ్వండి. ఎలక్ట్రీషియన్లు సీరీస్ బోర్డు అనేది ఇదే. బల్బు ఒక్క క్షణం మెరిసి మందగిస్తే ట్రాన్స్‌ఫార్మరు బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టుంది, ఆపేసి వెతకండి. తర్వాత బల్బు తీసేసి ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే ఏసీ వోల్టేజీలను మాన్యువల్‌తో సరిచూడండి.

మీరు రాసిన లక్షణాలు చూస్తే బోర్డు కనెక్టరు మీదే మాకు మొదటి అనుమానం. తర్వాత వచ్చిన ఆటల్లో 5 వోల్టులు బయట తయారై బోర్డుకు వస్తాయి, పాక్‌మ్యాన్‌లో అలా కాదు. సుమారు 7 వోల్టుల ఏసీ అంచు కనెక్టరు గుండా బోర్డులోకి వచ్చి, అక్కడే డీసీగా మారి 5 వోల్టులకు దిగుతుంది. ఆ కరెంటంతా ఇరుకైన కాంటాక్టుల మీదుగానే పోవాలి. కాంటాక్టు కాస్త వదులైతే వేడి, వేడికి చిలుము, చిలుముతో ఇంకా వేడి. అందుకే చాలా పాక్‌మ్యాన్ బోర్డుల్లో కరెంటు వచ్చే కాంటాక్టులు గోధుమరంగులోనో నల్లగానో మాడి ఉంటాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, మెత్తటి తెల్ల రబ్బరుతో రుద్ది, మళ్లీ తుడవండి. సాండ్‌పేపరు పెట్టకండి, పైపూత పోతుంది. మాడిన కాంటాక్టు మీద సోల్డరు పూసేవాళ్లు ఉన్నారు, అది వద్దు. సోల్డరు మెత్తనిది, కనెక్టరు నొక్కుడుకు అణిగిపోయి కొన్ని నెలల్లో మళ్లీ అదే మంట. వైర్ల వైపు కనెక్టరు 3.96 మి.మీ. అంతరం ఉన్నది కొత్తది తెచ్చి, కరెంటు తీగలకు కొత్త పిన్నులు గట్టిగా క్రింపు చేయండి (పటకారుతో తీగకు నొక్కి బిగించండి). ఒక్క పిన్ను మాడినా కనెక్టరు మొత్తం మార్చండి, కొత్త కాంటాక్టు పక్కన పాతది ఉంటే భారం సమంగా పంచుకోవు.

ఇక బోర్డుకు కరెంటిచ్చి జడ్80 మీద కొలవండి: మీటరు నల్ల తీగ 29వ పిన్ను మీద, ఎర్ర తీగ 11వ పిన్ను మీద. 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి, 5కు దగ్గరగా ఉంటే సంతోషం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర అంతా బాగుండి ఇక్కడ 4.6 చూపిస్తే కనెక్టరులోనో, బోర్డు మీది పెద్ద ఫిల్టరు కెపాసిటర్లలోనో పోతోంది. వోల్టేజీ బాగుండి తెరంతా కదలని అక్షరాల చెత్తతో నిండి, కొద్ది క్షణాలకోసారి మారుతుంటే ప్రోగ్రాము నడవడం లేదు, బోర్డులోని కాపలా సర్క్యూటు జడ్80ని పదేపదే రీసెట్ చేస్తోంది. ఇక్కడ ఐసీలు ఊరికే మార్చుకుంటూ పోకండి. ముందు సాకెట్లలో ఉన్న, ఆట సమాచారం దాచే రోమ్‌లను ఒక్కొక్కటిగా తీసి, కాళ్లు శుభ్రం చేసి తిరిగి గుచ్చండి. ఐసీ ఏ వైపుకు తిరిగి ఉందో ఫొటో తీసుకోవడం మరవకండి, తిప్పి గుచ్చితే ఆ ఐసీ పోతుంది. తర్వాత పిల్లబోర్డులు రెండూ తీసి చూడండి. వాటి కాళ్లు సాకెట్లలో వదులవడం, తుప్పు పట్టి విరగడం ఈ బోర్డుకున్న పాత జబ్బు, వీటికి కొత్తగా తయారుచేసిన బదులు బోర్డులు దొరుకుతాయి.

ఆట నడుస్తూ బొమ్మ తేడాగా ఉంటే తప్పు ఎక్కడో తెరే చెబుతుంది. చిక్కుదారి, అక్షరాలు చెదిరితే బోర్డు మీద 5ఈ అని గుర్తున్న చోట ఉన్న రోమ్‌ను, దయ్యాలూ పాక్‌మ్యానూ చెదిరితే 5ఎఫ్‌ను అనుమానించండి. ప్రోగ్రాము ఉండేది 6ఈ, 6ఎఫ్, 6హెచ్, 6జె లలో, ఒక్కొక్కటి 4 కిలోబైట్లు. ఈ చిప్పులను చదివే ఈప్రోమ్ ప్రోగ్రామరు దొరికితే ఆరింటినీ చదివి కంప్యూటరులో దాచుకోండి. ఈప్రోమ్ (అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాయగల రోమ్) గాజు కిటికీ మీది స్టిక్కరు ఊడిపోయి ఉంటే కొత్తది అంటించండి, వెలుతురు పడితే ఏళ్ల మీద అందులోని సమాచారం చెరిగిపోతుంది.

మానిటరు దగ్గర తొందర పనికిరాదు. పాక్‌మ్యాన్‌లలో ఎక్కువగా కనిపించేది ఎలక్ట్రోహోమ్ జీ07, లేదా వెల్స్ గార్డనర్ 4600 వరస. రంగుల ట్యూబు మీద రబ్బరు మూత కింద 20,000 వోల్టుల పైచిలుకు నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసినా అది వెంటనే పోదు. దాన్ని దించే పద్ధతి ఇది. ప్లగ్గు గోడ నుంచి తీసేయండి. ఉంగరాలు, గడియారం తీసేయండి. పొడవాటి, పిడికి మంచి ఇన్సులేషన్ ఉన్న సన్నటి స్క్రూడ్రైవరు లోహానికి ఒక మొసలి క్లిప్పు తీగ తగిలించి, రెండో కొసను మానిటరు లోహపు ఫ్రేముకు బిగించండి. ఎడమచేయి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో స్క్రూడ్రైవరు మొనను రబ్బరు మూత కిందికి నెమ్మదిగా దూర్చి లోపలి లోహపు కొక్కేన్ని తాకించండి. చిటుక్కుమనవచ్చు, అనకపోవచ్చు. పది నిమిషాలాగి మళ్లీ చేయండి, ట్యూబు గాజులో మిగిలిన ఛార్జి తిరిగి పోగవుతుంది. ఇది చేయడానికి చేయి వణికితే ఆ రోజు మానేయండి.

కరెంటిచ్చినప్పుడు ట్యూబు మెడ చివర ఎర్రగా వెలుగుతోందా అన్నది అసలు ప్రశ్న. జీ07లో అలా వెలిగే హీటరుకు కరెంటు ఫ్లైబ్యాక్ (ట్యూబుకు హై వోల్టేజీ తయారుచేసే ట్రాన్స్‌ఫార్మరు) నుంచే వస్తుంది, కాబట్టి వెలుగుంటే ఫ్లైబ్యాక్ నడుస్తున్నట్టే. అప్పుడు ఫ్లైబ్యాక్ మీది స్క్రీన్ నాబును కొద్దిగా తిప్పండి. తెర బూడిదరంగులో తేలిందా, మానిటరు బతికే ఉంది, తప్పు బోర్డుది. నాబును మళ్లీ పాత చోటికి తెచ్చేయండి. మెడలో వెలుగు లేకపోతే మానిటరు ఫ్యూజు, తర్వాత ఫ్లైబ్యాక్‌ను నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు చూడండి. దాని కలెక్టరు, ఎమిటరు మధ్య మీటరు సున్నా చూపిస్తే షార్టయింది. కొత్తది వేసేటప్పుడు కింది మైకా పలుచని రేకు, వేడి లాగే పేస్టు రెండూ ఉండాలి. మైకా మరిచిపోతే స్విచ్చి వేయగానే మళ్లీ ఫ్యూజు పోతుంది.

ట్రాన్సిస్టరు పోయినా పోకపోయినా చాసిస్ (మానిటరు సర్క్యూటు బోర్డు) మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చేయండి. ఇరవైకి అటూ ఇటూ ఉంటాయి, చాసిస్ పేరు చెబితే కిట్టుగా దొరుకుతాయి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజీ అదే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు, ఉష్ణోగ్రత 105 డిగ్రీలది తీసుకోండి. ఒకటి తీసి ఒకటి వేయండి. అన్నీ ఒకేసారి ఊడదీస్తే ప్లస్ మైనస్ తారుమారవుతుంది, బోర్డు మీది అచ్చు గుర్తులే తప్పుగా ఉండే సందర్భాలు కూడా ఉన్నాయి కనుక తీసిన కెపాసిటరు ఎటు తిరిగి ఉందో అదే ప్రమాణం. పిన్నుల కనెక్టర్ల దగ్గర సోల్డరు చుట్టూ సన్నటి నల్ల వలయం కనిపిస్తే అది పగులు, పాత సోల్డరు పీల్చేసి కొత్తది వేయండి. మీకు సోల్డరింగ్ కొద్దిగానే వచ్చు కదా, ముందు ఏదైనా పాడైన రేడియో బోర్డు మీద ఇరవై కెపాసిటర్లు తీసి పెట్టి చేయి తిప్పుకోండి. ఈ పాత బోర్డుల రాగిపూత వేడి ఎక్కువైతే లేచిపోతుంది.

కంట్రోళ్లు తేలిక. ఈ ఆటకు నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ ఉండాలి. ఎవరైనా ఎనిమిది దిక్కులది బిగించి ఉంటే మలుపుల దగ్గర పాక్‌మ్యాన్ ఆగిపోతుంటాడు, ఆడేవాళ్లు తమ చేయి బాగాలేదనుకుంటారు. లోపలి రేకు స్విచ్చులను గీకకండి. ఆల్కహాలులో తడిపిన గట్టి కాగితపు ముక్కను రెండు రేకుల మధ్య పెట్టి, నొక్కి లాగితే చాలు. వదిలినప్పుడు రేకుల మధ్య ఒక మిల్లీమీటరు సందుండేలా మెల్లగా వంచండి.

ఇక మీరు అడిగిన చెక్క. నల్లరంగు కింద అసలు బొమ్మ ఉండే అవకాశం బాగానే ఉంది. ఫ్యాక్టరీలో పసుపు మీద స్టెన్సిలుతో వేసిన రంగులవి. అరచేయంత చోటులో, కింద కనపడని మూలన, ఘాటు తక్కువ ఉన్న రంగు తొలగించే జెల్ పూసి, రెండు మూడు నిమిషాలకే ప్లాస్టిక్ పలకతో గీకి చూడండి. నలుపు మెత్తబడి లేచి కింద పసుపు గట్టిగా నిలిస్తే అదృష్టం, అలాగే చిన్న చిన్న గళ్లుగా చేసుకుంటూ పొండి. పసుపు కనపడగానే తుడిచేయాలి, ఇంకో నిమిషం ఉంచితే అదీ లేస్తుంది. నల్లరంగుకు ముందు ఎవరో సాండ్‌పేపరు పట్టి ఉంటే బొమ్మ పోయినట్టే, అప్పుడు స్టెన్సిలు తెచ్చుకోవాలి. ఏదైనా సరే, మిగిలిన గీతలను ట్రేసింగు కాగితం మీదికి ఎత్తుకున్నాకే రుద్దడం మొదలెట్టండి.

ఉబ్బు తక్కువగా ఉంటే పొరల్లోకి పలుచటి ఎపాక్సీ ఎక్కించి, రెండువైపులా ప్లాస్టిక్ కాగితం, దాని మీద చదునైన పలకలు పెట్టి, క్లాంపులతో ఒక రోజంతా బిగించి ఉంచండి. మొన దిగిపోయే చోట మాత్రం మరమ్మతు నిలవదు. గట్టి చెక్క మొదలయ్యే చోటికి 2 సెంటీమీటర్లు పైన తిన్నటి గీత గీసి కోసేసి, అదే మందం ప్లైవుడ్ ముక్కను డోవెళ్లు (చెక్క మేకులు), ఎపాక్సీతో అతికించి, లోపలివైపు అతుకు మీదుగా ఒక పట్టీ వేయండి. అతుకు మీద కారు బాడీ లప్పం పెట్టి, 80, 120, 220 నెంబర్ల సాండ్‌పేపరుతో వరసగా రుద్దండి. అంచున టీ ఆకారపు ప్లాస్టిక్ పట్టీ దిగే గాడిని మరవకండి: మందానికి సరిగ్గా మధ్యలో, 1.6 మి.మీ. కట్టరుతో రౌటరు పట్టాలి. పట్టీ కొనేముందు చెక్క మందం కొలవండి, ఎక్కువగా 19 మి.మీ. ఉంటుంది. బిగించేటప్పుడు రబ్బరు సుత్తి వాడండి, మూలమలుపుల దగ్గర లోపలి పంటిలో వీ ఆకారపు కోతలు పెట్టి, హెయిర్ డ్రయ్యరుతో వేడిచేస్తే ముడతలు పడదు. అడుగున నాలుగు సర్దుబాటు కాళ్లు తప్పక వేయండి. చెక్క నేలకు ఆనితే తుడుపు నీళ్లు పీల్చి మళ్లీ ఉబ్బుతుంది.

అన్నీ బిగించాక మొదటి రోజు వెనక తలుపు తీసి ఉంచి, దగ్గరే ఉండి రెండు గంటలు నడపండి. అరగంటకోసారి జడ్80 దగ్గర వోల్టేజీ కొలవండి. తర్వాత ప్లగ్గు తీసి అంచు కనెక్టరును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే క్రింపు సరిగా లేదు. మానిటరు బీప్లస్ వోల్టేజీని (దాని సర్క్యూటు నడిచే ప్రధాన డీసీ వోల్టేజీని) మాన్యువల్‌లో ఉన్న అంకెకు సరిచేయండి. బొమ్మ వెడల్పు చాలలేదని దాన్ని పెంచకండి, ఫ్లైబ్యాక్ మీద ఒత్తిడి పెరుగుతుంది. బ్రైట్‌నెస్ నలుపు నల్లగా కనిపించేంత వరకే పెట్టండి, మిగిలి ఉన్న ట్యూబు మీద అచ్చు ఇంకా ముదరదు. కెపాసిటర్లు, ట్రాన్సిస్టరు మార్చాక కూడా మెడ వెలగకపోతే ఫ్లైబ్యాక్ మార్చాల్సి ఉండవచ్చు. ఆ దశలో చాసిస్ ఒక్కటే విప్పి తెలిసిన టెక్నీషియన్‌కు ఇవ్వండి. ట్యూబును కేబినెట్‌లోనే వదిలేయండి, మెడ మీద అట్టపెట్టె ఒకటి బోర్లించి.